చేపల చెరువుకు ఏ మేత? పోషణ పెంచే దారులను పోల్చి ఎంచుకోవడం

ఏ మేత మంచిదని అడిగిన వారికి జవాబు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న వేయాలి. మీ నీటిలో ఒక్కో చేపకు సహజంగా ఎంత తిండి దొరుకుతోంది? ఇది తేలకుండా రెండు మేతలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. ఒక చెరువులో తవుడు, చెక్కతో (నూనె తీసిన గింజల పిప్పితో) చక్కగా పెరిగిన చేప మరో చెరువులో అదే మేత తిని గిడసబారుతుంది. మేత మారలేదు, చేప జాతి కూడా మారలేదు. ఆ మేతకు తోడుగా నీరు ఇచ్చే భాగం మారింది.

మంచినీటి చేపల పెంపకంలో ఖర్చు సగం దాకా, తరచుగా అంతకు మించి, మేతకే పోతుంది. అంత డబ్బు పెట్టే వస్తువును సంచి మీద ముద్రించిన మాంసకృత్తుల శాతం చూసి ఎంచుకోవడం సరికాదు. తక్కువ శాతం మేత చాలే చోట ఎక్కువ శాతం మేత వేస్తే డబ్బు నీటిలో కలుస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. ఎక్కువ పోషణ కావలసిన చోట తవుడుతో నెట్టుకొస్తే నెలలు గడిచినా చేప బరువు పెరగదు.

ముందు చెరువును చదవాలి

పచ్చగా ఉన్న చెరువు నీటిలో కంటికి కనిపించని మొక్కలు, సూక్ష్మ జీవులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటినే ప్లవకాలు అంటాం. నీరు తీసేసి ఎండు బరువులో చూస్తే వీటిలో దాదాపు సగం మాంసకృత్తులే. జంతు ప్లవకాల్లో అంతకన్నా ఎక్కువగా కూడా ఉంటాయి. విటమిన్లు, ఖనిజాలు, అవసరమైన కొవ్వు ఆమ్లాలు కూడా వాటిలోనే ఉన్నాయి. అంటే చెరువు దానంతట అది మంచి మేతను తయారు చేస్తోంది. చేపలు పలుచగా ఉన్నప్పుడు ఆ మేత అందరికీ సరిపోతుంది.

చేపల మొత్తం బరువు పెరిగే కొద్దీ ఆ వాటా తరుగుతుంది. తరిగే తీరులో ఒక వరుస ఉంది. మొదట కొరత పడేది శక్తి. ఈ దశలో నూకలు, తవుడు, మొక్కజొన్న పిండి వంటి చౌక పదార్థాలు చాలు, ఎందుకంటే మాంసకృత్తులను ప్లవకాలు ఇస్తున్నాయి. చేపలు ఇంకా చిక్కబడితే, అంటే అదే నీటిలో మరింత ఎక్కువైతే, మాంసకృత్తులు కొరత పడతాయి. అప్పుడు చెక్కలు, సోయా, చేపపొడి కావాలి. ఇంకా చిక్కబడితే విటమిన్లు, ఖనిజాలు కూడా బయటి నుంచి రావాలి. వలగూళ్ళలో, సిమెంటు తొట్లలో పెంచే చేపలకు నీటి నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి అక్కడ సంపూర్ణ మేత తప్ప వేరే దారి లేదు.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడం కష్టం కాదు. నలుపు తెలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల పళ్ళేన్ని నీటిలోకి దించి, అది కనుమరుగయ్యే లోతు చూడండి. నీటి రంగు మట్టి వల్ల కాకుండా ప్లవకాల వల్ల వచ్చినదై, ఆ లోతు 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే సహజ ఆహారం బాగున్నట్టు. దానితో పాటు నెలకోసారి వల వేసి తూకం చూస్తూ ఉండాలి. మేత మోతాదు సరిగా ఉండి, ఆక్సిజన్ బాగుండి, జబ్బు ఏదీ లేకుండానే నెలవారీ బరువు పెరుగుదల కుంగడం మొదలైతే, చెరువు ఇచ్చే భాగం ఇక చాలడం లేదని అర్థం. మేతను పై మెట్టుకు మార్చవలసిన సమయం అదే. పంట మొదటి రోజు నుంచే ఖరీదైన మేత మొదలుపెట్టే వారు ఈ ఒక్క పనితో చాలా మిగుల్చుకోవచ్చు.

ధరను దేనితో గుణించాలి

కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే లెక్క ఎఫ్‌సీఆర్. మేత కిలో ధరను ఆ అంకెతో గుణిస్తే వచ్చేదే అసలు ధర. ఒక గుళికల మేతకు ఎఫ్‌సీఆర్ 1.5, పొడి మేతకు 3 అనుకుంటే, గుళికల మేత ధర పొడి మేతకు సరిగ్గా రెట్టింపు అయినా కిలో చేప మీద మేత ఖర్చు ఒకటే. రెట్టింపుకు లోపు ఉంటే గుళికలదే లాభం. ఇది అందరికీ తెలిసిన లెక్కే, కానీ సంచి కొనే సమయంలో వేసుకునే వారు తక్కువ.

ఇంకో లెక్క ఉంది, దాన్ని ఇంకా తక్కువ మంది వేస్తారు. 20 శాతం మాంసకృత్తులున్న పొడి మేత 3 కిలోలు వేస్తే చెరువులోకి వెళ్ళిన మాంసకృత్తులు 600 గ్రాములు. 28 శాతం గుళికలు కిలోన్నర వేస్తే 420 గ్రాములు. మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని కాబట్టి మొదటి దారిలో 96 గ్రాముల నత్రజని, రెండో దారిలో 67 గ్రాములు చేరుతుంది. పెరిగిన కిలో చేప ఒంట్లో నిలిచేది రెండు చోట్లా దాదాపు 26 గ్రాములే. మిగిలిన 70 గ్రాములో 41 గ్రాములో నీటిలో, అడుగు బురదలో ఉండిపోతాయి. తక్కువ శాతం మేత నీటికి మేలు చేస్తుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది. చేప ఒంటికి పట్టని మేతే నీటిని పాడు చేస్తుంది.

అలాగని శాతం పెంచుకుంటూ పోవడం కూడా తప్పే. 30 శాతం మాంసకృత్తుల మేత కిలో తిన్న చేపల నుంచి సుమారు 28 గ్రాముల అమ్మోనియా నత్రజని నీటిలోకి వస్తుంది. 40 శాతం మేత అయితే సుమారు 37 గ్రాములు. పెరిగే చేపకు 28 చాలే చోట 40 వేస్తే ఎక్కువైన మాంసకృత్తులు శక్తి కోసం కాలిపోతాయి. మధ్యాహ్నం నీటి పీహెచ్ (క్షార గుణం) పెరిగినప్పుడు ఆ అమ్మోనియాలో విషపూరితమైన భాగం కూడా పెరుగుతుంది.

చెక్క, తవుడు సగం సగం: ఎందుకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోతుంది

వేరుశనగ చెక్క, తవుడు సమపాళ్ళలో కలిపి కార్ప్ చేపలకు (శీలావతి, బొచ్చె, మృగాల, బంగారు తీగ వంటి వాటికి) వేయడం చాలా కాలంగా ఉన్న పద్ధతి. చెక్కలో 42 శాతం, తవుడులో 14 శాతం మాంసకృత్తులు ఉంటే మిశ్రమంలో 28 శాతం. కాగితం మీద పెరిగే కార్ప్ చేపకు సరిపోయే అంకె. అయినా చిక్కగా పెంచే చెరువుల్లో ఈ మిశ్రమం వెనకబడుతుంది. కారణం లైసిన్, మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాల్లో ఒకటి.

చేపలకు తప్పనిసరిగా మేత నుంచే అందవలసిన అమైనో ఆమ్లాలు పది. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగిలిన తొమ్మిది ఎంత ఉన్నా కండ పెరగదు, మిగులు అమ్మోనియాగా బయటికి పోతుంది. బంగారు తీగకు మాంసకృత్తుల్లో 5.7 శాతం దాకా లైసిన్ కావాలి. వేరుశనగ చెక్క మాంసకృత్తుల్లో అది మూడున్నర శాతం దరిదాపుల్లోనే ఉంటుంది, తవుడులో నాలుగున్నర దగ్గర. కలిపితే నాలుగుకు లోపే. అంటే 28 శాతం అని మురిసిన మేతలో చేప కండగా మార్చుకోగలిగింది మూడింట రెండు వంతులే. పలుచగా పెంచినన్నాళ్ళు ఈ లోటును ప్లవకాలు పూడ్చాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. చేపల సంఖ్య పెంచి, మేతను మాత్రం పాత పద్ధతిలోనే ఉంచినప్పుడు లోటు బయటపడుతుంది.

మిశ్రమాన్ని వదలకుండా మెరుగుపరచడానికి మంచి దారి చెక్కలో సగాన్ని సోయాతో మార్చడం. నూనె తీసి వేడి చేసిన సోయా పిండిలో 44 నుంచి 48 శాతం మాంసకృత్తులు, వాటిలో లైసిన్ ఆరు శాతానికి పైగా ఉంటుంది. పావు వంతు వేరుశనగ చెక్క, పావు వంతు సోయా, సగం తవుడు వేస్తే మొత్తం మాంసకృత్తులు 29 శాతం దగ్గరే ఉండి, అందులో లైసిన్ వాటా నాలుగు లోపు నుంచి ఐదు దగ్గరకు వస్తుంది. నన్ను అడిగితే చిన్న రైతు చేయగలిగిన మార్పుల్లో పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. సోయాకు ఉన్న లోటు మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం. కొద్దిగా చేపపొడి కలిస్తే అదీ తీరుతుంది.

మిగతా చెక్కల మాట. పత్తి గింజల చెక్క చౌక, కానీ అందులోని గాసిపోల్ అనే పదార్థం లైసిన్‌ను పట్టి బంధిస్తుంది, అసలే తక్కువున్నది ఇంకా తగ్గుతుంది. ఆవ చెక్కలో గ్లూకోసినోలేట్లు ఉంటాయి. అవి థైరాయిడ్ పనిని దెబ్బతీస్తాయి, చేదు వల్ల చేప మేత తగ్గించేస్తుంది. రెండింటినీ కొద్ది భాగంగా వాడవచ్చు, మిశ్రమానికి మూలంగా వాడవద్దు. వేరుశనగ చెక్కకు అసలు ముప్పు బూజు. తడి తగిలిన చెక్కలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చేరితే వండినా ఎండబెట్టినా పోదు. ఇథనాల్ తయారీలో మిగిలే ధాన్యపు పిప్పి డీడీజీఎస్‌లో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, కానీ పిండి పదార్థం పోయి మిగిలినదంతా సాంద్రం అయినట్టే, ధాన్యంలో ఉన్న బూజు విషాలు కూడా దాదాపు మూడింతలు సాంద్రమవుతాయి. ఆరబెట్టేటప్పుడు మాడితే లైసిన్ ఇంకా తగ్గుతుంది. ముదురు గోధుమ రంగులో, మాడిన వాసనతో ఉన్న సరుకును తీసుకోకండి.

తవుడులోనూ రెండు రకాలున్నాయి. నూనె ఉన్న పచ్చి తవుడు శక్తినిస్తుంది, కానీ మిల్లు నుంచి వచ్చిన కొద్ది రోజుల్లోనే కనరెక్కుతుంది. నూనె తీసిన తవుడు నిలవ ఉంటుంది, మాంసకృత్తులు కాస్త ఎక్కువ, శక్తి తక్కువ. తాజా తవుడు వారం వారం తెచ్చుకోగలిగితే పచ్చి తవుడు మేలు. నెలకు సరిపడా నిల్వ చేసేవారికి నూనె తీసినదే తగినది.

మీ చేతిలో వేరే పదార్థాలుంటే పాళ్ళు తేల్చుకోవడం సులువు. కావలసిన శాతం 28, ఒక పదార్థంలో 42, మరోదానిలో 15 అనుకోండి. 28 నుంచి 15 తీసేస్తే 13, ఇది మొదటిదాని పాళ్ళు. 42 నుంచి 28 తీసేస్తే 14, ఇది రెండోదాని పాళ్ళు. 13 పాళ్ళు చెక్క, 14 పాళ్ళు తవుడు.

పొడి, ఇంటి గుళిక, మునిగేది, తేలేది

ఒకే దినుసులను పొడిగా వేసినప్పుడు, గుళికగా వేసినప్పుడు ఫలితాలు వేరుగా ఉంటాయి. పొడి మేతను నీటిపై చల్లితే చాలా భాగం చేప నోటికి చేరకముందే కరిగి ఎరువవుతుంది. చిల్లుల సంచుల్లో కట్టి నీటిలో వేలాడదీస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. శీలావతి, బొచ్చె చేపలు చిల్లుల దగ్గర నోటితో లాగి తింటాయి, సాయంత్రానికి సంచిలో మిగిలింది చూసి మరుసటి రోజు మోతాదు సరిచేసుకోవచ్చు. పొడి మేతతోనే సాగాలనుకునే వారికి సంచి పద్ధతి తప్పనిసరి అంటాను.

ఇంట్లో చేసుకునే గుళిక మధ్యస్థమైన దారి. దినుసులను మెత్తగా దంచి, గోధుమ పిండి గానీ కర్రపెండలం పిండి గానీ ఐదు నుంచి పది శాతం కలిపి ఉడికించి, సేమియా యంత్రం వంటి దాని నుంచి తీసి ఎండబెడతారు. దంచడంలో అలసత్వం పనికిరాదు. ముతకగా ఉన్న దినుసు గుళికను నీటిలో విడగొడుతుంది, అరుగుదలనూ తగ్గిస్తుంది. ఎండలో ఆరబెట్టడం వల్ల కొన్ని విటమిన్లు పోతాయి. వర్షాకాలంలో ఆరకపోతే బూజు పడుతుంది. మనుషుల శ్రమ దొరికి, దినుసులు దగ్గరలో చౌకగా ఉన్నవారికి ఈ దారి బాగుంటుంది. పెద్ద విస్తీర్ణం ఉన్నవారు ఈ భారం ఎత్తుకోవడం నాకు సబబుగా తోచదు.

కర్మాగారపు గుళికల్లో తేలేవి, మునిగేవి ఉంటాయి. తేలే గుళికను ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో 120 నుంచి 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో తయారు చేస్తారు. పిండి పదార్థం బాగా ఉడికి అరుగుదల పెరుగుతుంది, నీటిలో గంటల తరబడి విడిపోకుండా నిలుస్తుంది. కానీ అసలు గుణం మరొకటి: చేప తింటోందో లేదో కంటికి కనిపిస్తుంది. తినడం తగ్గిందంటే ఆక్సిజన్ తగ్గిందో, జబ్బు మొదలైందో, నీరు చల్లబడిందో అప్పటికప్పుడే తెలుస్తుంది. మేతకు పెట్టే అదనపు ధరలో సగం ఈ చూపుకే ఇస్తున్నామనుకోవచ్చు. గట్టు మీద నిలబడి చూసే మనిషి లేని చోట తేలే మేత సగం విలువ కోల్పోతుంది.

పంగాసియస్, తిలాపియా, కొర్రమీను పైకి వచ్చి తింటాయి కాబట్టి వాటికి తేలే మేత సహజంగా సరిపోతుంది. మృగాల, బంగారు తీగ అడుగున వెతుక్కునేవి, మునిగే గుళికలను తట్టల్లో పెడితే బాగా తింటాయి. బొచ్చె, వెండి చేప ప్రధానంగా నీటిని వడగట్టి ప్లవకాలను తినేవి. వాటికి గుళికల మీద ఖర్చు పెట్టే ముందు నీటిని పచ్చగా ఉంచడం మీద శ్రద్ధ పెట్టాలి. పలు జాతులు కలిపి పెంచే చెరువులో ఒకే రకం మేత అందరికీ అందదు. గుళికను పెద్ద శీలావతులే ఎగరేసుకుపోతే చిన్నవి తూకంలో వెనకబడతాయి. ఇలాంటి చోట తేలే మేత కొంత, సంచుల్లో మిశ్రమం కొంత ఇవ్వడం మేలు.

కడుపు లేని చేపకు భాస్వరం

పోషణ గురించి మాట్లాడేటప్పుడు మాంసకృత్తులకు దక్కే శ్రద్ధలో పదో వంతు కూడా భాస్వరానికి దక్కదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. కాల్షియాన్ని చేప నీటి నుంచి మొప్పల ద్వారా తీసుకోగలదు. భాస్వరం నీటిలో చాలా తక్కువ కాబట్టి మేత నుంచే రావాలి. కార్ప్ జాతికి మేతలో అందుబాటులో ఉండే భాస్వరం 0.6 నుంచి 0.7 శాతం కావాలి. అది తగ్గితే పెరుగుదల మందగిస్తుంది, తల, వెన్ను ఎముకలు వంకర పోతాయి, పొట్టలో కొవ్వు పేరుకుంటుంది.

మేతను పరీక్షశాలలో చూస్తే భాస్వరం నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది. మొక్కల దినుసుల్లో మూడింట రెండు వంతుల భాస్వరం ఫైటేట్ రూపంలో బంధమై ఉంటుంది, చేప దాన్ని విడదీసుకోలేదు. చేపపొడిలో ఎముకల రూపంలో ఉన్న భాస్వరం కరగడానికి ఆమ్లం కావాలి. తిలాపియా కడుపులో ఆ ఆమ్లం ఉంది. కార్ప్ జాతికి కడుపే, అంటే ఆమ్లం ఊరే జీర్ణాశయమే లేదు, పేగు మాత్రమే ఉంది. అందుకే ఒకే ఖనిజ మిశ్రమం ఈ రెండు చేపల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. బంగారు తీగ మోనోకాల్షియం ఫాస్ఫేట్‌లోని భాస్వరంలో తొంభై శాతానికి పైగా వాడుకుంటుంది, డైకాల్షియం ఫాస్ఫేట్‌లో సగానికి లోపు, ట్రైకాల్షియం రూపంలో ఎనిమిదో వంతు మాత్రమే. పశువుల కోసం అమ్మే డీసీపీని (డైకాల్షియం ఫాస్ఫేట్‌ను) కార్ప్ మేతలో కలిపేవారు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. కిలో ధర తక్కువని డీసీపీ కొంటే చేపకు అందేది సగమే, మిగతా సగం నాచును పెంచుతుంది. కార్ప్ చెరువుకు మోనోకాల్షియం రూపమే కొనండి.

ఫైటేజ్ ఎంజైమ్ ఫైటేట్‌ను విడగొడుతుంది. కిలో మేతకు 500 నుంచి 1000 యూనిట్లు వాడతారు. అది ఆమ్లంలో చురుకుగా ఉంటుంది కాబట్టి తిలాపియా, పంగాసియస్ వంటి కడుపున్న చేపల్లో బాగా ఫలిస్తుంది. కార్ప్‌లో అంత ఆశ పెట్టుకోవద్దు. వేడికి చెడుతుంది గనుక గుళిక తయారయ్యాక పైన చల్లించాలి. ఉడకబెట్టే మిశ్రమంలో ముందే కలిపితే వృథా.

విటమిన్లు, కలిపే మందులు

పలుచని చెరువులో విటమిన్ మిశ్రమం మీద ఖర్చు అక్కర్లేదు. గూళ్ళలో, తొట్లలో, చాలా చిక్కగా పెంచే చెరువులో తప్పనిసరి. విటమిన్ సి విషయంలో రూపం చూసి కొనాలి. చాలా చేపలు దాన్ని ఒంట్లో తయారుచేసుకోలేవు, లోపిస్తే వెన్ను వంకర పోతుంది. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం వేడికి, నిల్వకు త్వరగా నశిస్తుంది. ఫాస్ఫేట్‌తో కలిసిన రూపం నిలుస్తుంది. ధర ఎక్కువైనా రెండోదే కొనదగినది.

విడిగా దొరికే లైసిన్, మెథియోనిన్ పొడులు గుళికలో కలిపితే ఉపయోగమే. కార్ప్ చేపల్లో ఇవి మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాల కంటే ముందుగా రక్తంలోకి చేరిపోతాయి, తోడు రానివాటి కోసం ఎదురుచూడకుండా ఖర్చయిపోతాయి. రోజు మేతను రెండు మూడు పూటలుగా పంచితే ఈ నష్టం తగ్గుతుంది. పొడి మేతలో, సంచుల్లో వేస్తే నీటిలో కరిగిపోతాయి, అక్కడ సోయా పెంచడమే తెలివైన పని.

కాలేయ టానిక్కులు, పెరుగుదల పెంచేవంటూ సీసాల్లో వచ్చేవి, ఏముందో చీటీ మీద రాయనివి కొనకండి. ఆ డబ్బుతో సోయా కొనండి.

కొత్త దినుసులు, పచ్చి మేతలు

నల్ల సైనికుడి ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) లార్వాల పొడి చేపపొడికి ప్రత్యామ్నాయంగా నిలబడుతోంది. నూనె తీయనిదానిలో 40 శాతానికి అటూ ఇటూ, తీసినదానిలో 50 దాటి మాంసకృత్తులు ఉంటాయి. చేప ఇష్టంగా తింటుంది. పెంకులోని కైటిన్ అరగడం కష్టం, కొవ్వులో చేపకు అవసరమైన ఒమేగా-3 దాదాపు ఉండదు. కాబట్టి చేపపొడిలో కొంత భాగాన్ని మార్చడానికి మంచిది, మొత్తం మార్చడానికి కాదు.

నీటిపై తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లా విషయంలో అంచనాలు ఎక్కువ. ఎండు బరువులో 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు నిజమే. కానీ దానిలో 94 శాతం నీరే. కిలో ఎండు మేతకు సమానం కావాలంటే పదహారు కిలోలకు పైగా పచ్చి అజొల్లా వేయాలి. గడ్డి చేప, తిలాపియా ఉన్న చిన్న చెరువుకు ఇది ఖర్చు తగ్గించే మంచి తోడు. ఎకరాల చెరువుకు ఆధారం కాదు.

కొర్రమీను వంటి మాంసాహార చేపలకు చిన్న పచ్చి చేపలు వేయడం ఇంకా కొనసాగుతోంది. దీన్ని నేను ఏ పరిస్థితిలోనూ సిఫారసు చేయను. పచ్చి చేపలో నాలుగింట మూడు వంతులు నీరు, అందుకే కిలో పెరుగుదలకు నాలుగైదు కిలోలు, అంతకు మించి కూడా పడుతుంది. చాలా మంచినీటి చేపల ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది. దానితో పాటు జబ్బుల క్రిములు నేరుగా వస్తాయి. ఈ చేపలకు 40 నుంచి 45 శాతం మాంసకృత్తుల గుళికలు కావాలి, పిల్లగా ఉన్నప్పుడే గుళికకు అలవాటు చేయాలి. పెద్దయ్యాక అలవాటు చేయడం చాలా కష్టం. గుళిక అలవాటైన పిల్లలే ఇస్తామనే హేచరీ దొరికితే పిల్ల ధర ఎక్కువైనా తీసుకోండి.

వయసుకు తగినట్టు

పిల్ల దశలో పొదుపు చేయకూడదు. కార్ప్ పిల్లలకు 35 నుంచి 40 శాతం, తిలాపియా పిల్లలకు 40కి పైన మాంసకృత్తులు కావాలి. అప్పుడు తినే మొత్తం మేత చాలా తక్కువ కాబట్టి ఎంత మంచి మేత వేసినా పంట ఖర్చులో అది చిన్న భాగమే. పెరిగే దశలో కార్ప్‌కు 25 నుంచి 30, తిలాపియాకు 28 నుంచి 32 చాలు. పొదుపుకు చోటు ఉన్నది ఇక్కడే, ఎందుకంటే మేతలో ఎక్కువ భాగం ఇక్కడే ఖర్చవుతుంది. కొందరు ఒక రోజు ఎక్కువ శాతం మేత, మరుసటి రోజు తక్కువ శాతం మేత వేస్తూ పంట తీస్తారు. సహజ ఆహారం బాగున్న చెరువులో ఈ పద్ధతి నిలుస్తుంది, గూళ్ళలో నిలవదు.

రోజువారీ మేత పరిమాణం కూడా వయసుతో పాటే మారాలి. ఫ్రై (చిట్టి పిల్ల) దశలో రోజుకు ఒంటి బరువులో 8 నుంచి 10 శాతం, వేలెడంత పిల్లకు 4 నుంచి 5, పెరిగే చేపకు 2 నుంచి 3, కిలో దగ్గరపడిన చేపకు ఒకటిన్నర చాలు. నీటి వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పటి అంకెలివి. 20కి దిగితే సగానికి తగ్గించాలి. ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల దగ్గరకు పడిపోయిన ఉదయం మేత మానేయడమే మంచిది. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి ఎండ పొడిచి గంటా రెండు గంటలయ్యాకే తొలి మేత వేయాలి.

నిల్వ గురించి చిన్న మాట. మేతలో తేమ 10, 12 శాతం దాటకూడదు. సంచులు నేలకు, గోడకు తగలకుండా చెక్క పలకల మీద ఉండాలి. గుళికలు తయారైన మూడు నెలల్లోపు వాడేయాలి. కనరెక్కిన నూనె విటమిన్ ఈని తినేస్తుంది. జపాన్‌లో నూనె చెడిపోయిన పట్టుపురుగు ప్యూపాలు తిన్న కార్ప్ చేపల్లో వీపు కండ కరిగి కత్తి అంచులా మారే జబ్బు వచ్చింది. దినుసు ఎంత ఖరీదైనదైనా వాసన తేడాగా ఉంటే చెరువులో వేయకండి.

ఏ పరిస్థితికి ఏది

వర్షం నీటి మీద ఆధారపడి, ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) లేకుండా, చేపలు పలుచగా ఉన్నవారు ముందు ఎరువులతో నీటిని పచ్చగా ఉంచి, నూకలు, తవుడు వేస్తే చాలు. గుళికల మేత ఇక్కడ అనవసరం. మధ్యస్థంగా, కార్ప్ జాతులు కలిపి పెంచేవారికి సోయా కలిపిన మిశ్రమం సంచుల్లో, పంట రెండో సగంలో తూకం కుంగితే దానికి తోడు గుళికలు. ఏరేటర్లు పెట్టి చిక్కగా తిలాపియా, పంగాసియస్ పెంచేవారికి పిల్ల దశ దాటినప్పటి నుంచీ 28 నుంచి 32 శాతం తేలే మేత. గూళ్ళు, తొట్లవారు విటమిన్లు, ఖనిజాలు నిండుగా ఉన్న సంపూర్ణ గుళికలు తప్ప మరేదీ ఆలోచించవద్దు. కొర్రమీనుకు 40కి పైన. ఏరేటర్ లేని చెరువులో చేపలను చిక్కబరచి, లోటును మేతతో పూడ్చాలని చూసే వారికి నా సలహా ఒక్కటే: ముందు చేపల సంఖ్య తగ్గించండి, లేదా ఏరేటర్ కొనండి. ఆక్సిజన్ కొరతను ఏ మేతా తీర్చలేదు.

రెండు మేతల మధ్య ఇంకా తేలకపోతే మీ నీటిలోనే పోల్చుకోండి. ఒకే విస్తీర్ణం, ఒకే లోతు ఉన్న రెండు చెరువుల్లో ఒకే హేచరీ పిల్లను ఒకే రోజు, ఒకే సంఖ్యలో వేయండి. వేసిన ప్రతి కిలో మేతనూ రాయండి. నెలకోసారి యాభైకి తగ్గకుండా చేపలను వల వేసి పట్టి తూచండి. మూడు నెలలకు ముందే తీర్పు చెప్పకండి, ఎందుకంటే మొదటి నెలలో సహజ ఆహారం రెండు మేతల లోపాలనూ కప్పేస్తుంది. చెరువు ఒక్కటే ఉంటే పాత పంట పుస్తకం తీసి, చేప 200 గ్రాముల నుంచి 400 గ్రాములకు పెరగడానికి అప్పుడు పట్టిన మేతను ఇప్పుడు పట్టిన మేతతో పోల్చండి, రెండు పంటల్లో ఆ దశ వచ్చిన కాలం ఒకటే అయితేనే. రెండు చెరువులున్నవారు తర్వాతి పంటలో మేతలను అటుదిటు, ఇటుదటు మార్చి వేయండి. అప్పుడు కూడా అదే మేత ముందుంటే తేడా మేతదే, చెరువుది కాదు.